ఉదయకాలపు మన్నా

పఠనీయ భాగములు: నిర్గమకాండము 16:13-21, ద్వితీయోపదేశకాండము 6:4-9



అరణ్యములో ఇశ్రాయేలీయులను దేవుడు పోషించిన విధము మనమెరిగినదే. ఏడాదికి సరిపడు ధాన్యమును ఆయన ఒక్కమారుగా కుప్ప పోయలేదు. ఆ దినమునకు చాలినంత ఆహారమును ప్రతి ఉదయమున నేలమీద పరచెను. ప్రజలు తమ గుడారములనుండి వెలుపలికి వచ్చి, ఇంటిలోని మనుష్యుల లెక్కచొప్పున దానిని ఏరుకొనిరి. చాల ఏరుకొనినవానియొద్ద మిగులు లేకపోయెను; కొంచెమే ఏరుకొనినవాని యింట కొరత కనబడలేదు. మరునాటికని దాచినది పురుగుపట్టెను. ఎండ ముదిరిన పిమ్మట మిగిలినది కరగిపోయెను.

పిల్లలకు ఇంటియొద్దనే చదువు చెప్పుకొను కుటుంబములకు ఈ మన్నాలో గొప్ప పాఠము కలదు. మా యింటివారము దానిని చాల ఆలస్యముగా నేర్చుకొంటిమి. ముఖ్యముగా నేను, ఇంటిలో అందరికంటె పెద్దవాడనై యుండియు, అందరికంటె ఆలస్యముగా నేర్చుకొంటిని. ఆ సంగతి మీ యెదుట ఒప్పుకొనుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది బెంగాలులోని ఖరగ్‌పూర్. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలమునుండి శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము సీమల తెలుగువారు పొట్ట చేతపట్టుకొని ఇక్కడికి వచ్చిరి. వర్క్‌షాపులోను యార్డులలోను పనిచేసి, మథురాకాఠి, నీంపురా మొదలైన పేటలలో స్థిరపడిరి. నా తండ్రియు అట్లు వచ్చినవాడే. రైల్వే ఊరిలో గడియారము ఇంటివారి చేతిలో ఉండదు. డ్యూటీకి పిలుపు అర్ధరాత్రి రావచ్చును; తెల్లవారుజామున రావచ్చును. ఒకడు నిద్రలేచు వేళకు మరియొకడు పండుకొనును. అయినను, ఇంటనున్నవారితో ఉదయమున కుటుంబ ప్రార్థన జరుపుట మా తండ్రి విడువలేదు. ఆయన తరువాత ఆ బాధ్యత నాకు వచ్చినది.

2020 మార్చి నెలలో ప్రయాణికుల రైళ్ళు నిలిచిపోయెను. 1072.5 మీటర్ల పొడవుతో ఒకప్పుడు ప్రపంచములోకెల్ల పొడవైనదిగా పేరు గాంచిన మా స్టేషను ప్లాట్‌ఫారము నిర్మానుష్యమాయెను. బడులు మూతపడెను. చిన్న తరగతుల పిల్లలు తిరిగి బడికి పోవుటకు 2022 ఫిబ్రవరి వరకు ఆగవలసివచ్చెను. రమారమి రెండేండ్లు ప్రతి యిల్లును ఒక బడి యాయెను. ప్రతి తల్లియు ఉపాధ్యాయురాలాయెను.

గూడ్సు బండ్లు మాత్రము ఆగలేదు. మా కుమారుడు గూడ్సు బండి నడుపువాడు గనుక ఇంటినుండి వెళ్ళిన తరువాత ఎప్పుడు వచ్చునో మాకు తెలియదు. మనుమరాలు అప్పుడు రెండవ తరగతి. పొరుగువారితో బెంగాలీ, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు, ఇంటిలో తెలుగు మాటాడును గాని, తెలుగు అక్షరము ఒక్కటియు చదువనేరదు. వంట, బట్టలు, భర్తనుగూర్చిన భయము అన్నియు మోయుచున్న మా కోడలిపై ఆ బిడ్డ చదువు కూడ పడినది. ఫోనులో పాఠము వినవలెను, పుస్తకములో వ్రాయవలెను, వ్రాసినదానిని ఫోటో తీసి పంపవలెను. ఏ లెక్కయో తప్పినప్పుడు తల్లి గొంతు హెచ్చును. బిడ్డ కండ్లు నిండును. నేను వరండాలో కూర్చుండి వార్తలు చూచుకొనుచుంటిని. చదువు చెప్పుట నా పని కాదని తలంచితిని. నా పని ప్రార్థన చేయుట మాత్రమే.

ఆ ప్రార్థన ఎట్టిదో వినుడి. పిల్లను ఎదుట కూర్చుండబెట్టుకొని, “ప్రభువా, ఈ బిడ్డ సోమరితనమును తీసివేయుము, తల్లి మాట వినునట్లు చేయుము, నిన్నటివలె నేడు ఏడ్వకుండునట్లు బుద్ధి దయచేయుము” అని ప్రతి ఉదయమున గట్టిగా ప్రార్థించుచుంటిని. ఇది భక్తియే అనుకొంటిని. ఒక ఉదయమున ఆమేన్ అనిన వెంటనే ఆ చిన్నది నావైపు చూచి, “తాతయ్యా, నా తప్పులన్నీ దేవుడికి కూడా చెప్పేస్తున్నావా?” అనెను.

ఆ ప్రశ్నకు నాయొద్ద జవాబు లేకపోయెను. తల్లి నోటితో గద్దించుచుండెను. నేను కండ్లు మూసికొని గద్దించుచుంటిని. భేదమంతయు అదియే. ఆ బిడ్డకు దేవుడొక్కడు మిగిలియుండగా, ఆయనను కూడ ఆమెకు విరోధముగా నిలువబెట్టుటకు నేను ప్రతి ఉదయమున ప్రయత్నించితిని గదా! తలిదండ్రులు పిల్లలకు కోపము రేపకూడదని ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయములో అపొస్తలుడు హెచ్చరించుచున్నాడు. ప్రార్థనతోనే కోపము రేపవచ్చునని అంతకుముందు నేనెరుగను.

ఆ రాత్రి నేను కోడలియొద్దను మనుమరాలియొద్దను క్షమాపణ వేడుకొంటిని. మా వంశములో పెద్దవాడు చిన్నబిడ్డను క్షమాపణ అడిగినట్లు నేనెన్నడును వినలేదు. కోడలు చాలసేపు మాటాడలేదు. తరువాత, “మామయ్యగారూ, నాకూ ఓపిక చాలటం లేదు. రోజూ పొద్దున్నే భయంగా ఉంటోంది” అని కన్నీరు విడిచెను. ఇంటిలో ఉదయమునకు భయపడుచున్నది బిడ్డ ఒక్కతెయే కాదని అప్పుడు గ్రహించితిని.

మరునాటినుండి ఒక చిన్న క్రమము ఏర్పరచుకొంటిమి. పుస్తకములు తెరువకమునుపు, ఫోను ముట్టకమునుపు, అందరము చాపమీద కూర్చుందుము. ఒక నిమిషము మౌనము. ఒక పాట. బైబిలులో నాలుగైదు వచనములు. ఆ దినమున తనకు కష్టముగా తోచునది ఏదో ఒక్కొక్కరు ఒక్క మాటలో చెప్పవలెను; పెద్దలు ముందు చెప్పవలెను. తరువాత ఒకరికొరకు ఒకరు చిన్న ప్రార్థన. అంతయు పదిహేను నిమిషములు మించదు. ఆ సమయములో నిన్నటి తప్పును ఎవరును ఎత్తరాదు. పాఠమునుగూర్చి ప్రశ్న వేయరాదు. ఇంతకంటె వేరు నియమము లేదు.

“ఈ రోజు నాకు మీ నాన్నగురించి భయంగా ఉంది” అని తల్లి చెప్పగా విన్న బిడ్డ, “అమ్మకు భయం తీసెయ్యి ప్రభువా” అని ప్రార్థించెను. అంతవరకు మేమే ఆమెకొరకు ప్రార్థించుచుంటిమి. ఆ దినమున ఆమె మాకొరకు ప్రార్థించినది.

కుమారుడు డ్యూటీనుండి వచ్చినప్పుడు, వ్యాధి భయముచేత లోపలికి రాక, వరండాలోనే వేరుగా ఉండెడివాడు. కిటికీ తెరచి, అతడు అవతల, మేము ఇవతల కూర్చుండి అదే క్రమమును జరుపుకొంటిమి. అతడు పది గంటలకు చేరినయెడల మా ఉదయము పది గంటలకే. మా యింట ఉదయమును నిర్ణయించినది గడియారము కాదు. పుస్తకము తెరచుటకు ముందున్న గడియయే మాకు ఉదయము.

ఈ మార్గము మాకు క్రొత్తదే గాని సంఘమునకు క్రొత్తది కాదు. ఇంగ్లండులోని ఎప్‌వర్త్‌లో సుసన్నా వెస్లీ తన బిడ్డలకు ఇంటిలోనే చదువు చెప్పెను. జాన్ వెస్లీ, చార్లెస్ వెస్లీ ఆ యింటిబడిలో కూర్చున్నవారే. అయిదేండ్లు నిండిన బిడ్డకు అక్షరములు నేర్పి, వెంటనే ఆదికాండము మొదటి అధ్యాయమును చదివించుట ఆమె పద్ధతి. 1709 ఫిబ్రవరిలో ఆ యిల్లు కాలిపోయెను. బిడ్డలు వేర్వేరు కుటుంబములలో తలదాచుకొనిరి; వారి పూర్వపు క్రమమంతయు చెదరిపోయెను. తిరిగి అందరు ఒక యింట చేరినప్పుడు, చదువు ఆరంభమునందును ముగింపునందును కీర్తనలు పాడు అలవాటును ఆమె ప్రవేశపెట్టెను. పెద్దబిడ్డ చిన్నబిడ్డకు వాక్యము చదివి వినిపించు ఏర్పాటు కూడ అప్పుడే జరిగెను. పాడు క్రమము శాంతికాలమున పుట్టలేదు, బూడిదలోనుండి పుట్టెను.

1732లో కుమారుడైన జానుకు వ్రాసిన ఉత్తరములో ఆమె ఈ సంగతులను వివరించుచు మరియొక మాట ఒప్పుకొనెను. తన బిడ్డలలో దాదాపు అందరును ఒక్క దినములోనే అక్షరములు నేర్చిరట. ఇద్దరు కుమార్తెలకు మాత్రము ఒకటిన్నర దినము పట్టగా, వారిని మందబుద్ధులని తలంచెనట. ఇతర పిల్లలకు ఎంతకాలము పట్టుచున్నదో చూచిన తరువాత ఆ అభిప్రాయమును మార్చుకొనెనట. ఆ భక్తురాలు తన తీర్పు తప్పని ఒప్పుకొనగా, మనమెంతటివారము?

ప్రియులారా, మన్నాయొద్దకు మరల వత్తము.

మొదటిది, మన్నా ఏనాటిది ఆనాటికే. గంటసేపు సాగు ఆరాధనను వారమునకొకమారు జరుపుటకంటె, పదిహేను నిమిషముల సహవాసము ప్రతిదినము జరుపుట బిడ్డకు మేలు. నిన్నటి మన్నా పురుగుపట్టినట్లే, నిన్నటి కోపమును దాచి ఉదయమునకు తెచ్చినయెడల అది ఆ దినమునంతయు పాడుచేయును. దేవుని కనికరము ప్రతి ఉదయమున క్రొత్తదగునని యిర్మీయా సాక్ష్యమిచ్చుచుండగా, మనము మాత్రము పాత లెక్కలతో దినమును ఆరంభింపవచ్చునా?

రెండవది, ఎవరి ఆకలి కొలది వారు ఏరుకొనిరి. ఒక బిడ్డ త్వరగా చదువును. మరియొక బిడ్డ ఆలస్యముగా చదువును. పొరుగింటి బిడ్డ కొలపాత్రతో మన బిడ్డను కొలువరాదు.

మూడవది, పెద్దలును వంగి ఏరుకొనవలసినదే. మన్నా పెద్దలు వండి పిల్లలకు వడ్డించినది కాదు. దేవుడు అందరికిని ఇచ్చినది. అందుచేతనే మోషే, దేవుని మాటలు మొదట తలిదండ్రుల హృదయములలో ఉండవలెనని చెప్పి, ఆ తరువాతనే వాటిని కుమారులకు నేర్పుమనెను. ఇంట కూర్చున్నప్పుడును, త్రోవ నడుచునప్పుడును, పండుకొనునప్పుడును, లేచునప్పుడును వాటినిగూర్చి మాటాడుమనెను. ఉదయప్రార్థన పిల్లలను లొంగదీయు సాధనము కాదు. ఇల్లంతయు దేవుని యెదుట చేతులు చాచు స్థలము.

ఈ క్రమము వలన మనుమరాలు తరగతిలో మొదటిది ఆయెనని నేను చెప్పను. లెక్కలు నేటికిని ఆమెకు కష్టమే. మా యింట కేకలు పూర్తిగా ఆగినవనియు చెప్పను. అయితే ప్రతిదినము నా ప్రక్కన కూర్చుండి, నా వ్రేలు నడుచు వచనములను చూచి చూచి, ఆమె తెలుగు అక్షరములను పోల్చుకొనసాగెను. ఒక ఉదయమున నా కండ్లజోడు కనబడకపోగా, “నేను చదవనా తాతయ్యా?” అని బైబిలు తీసికొని, తడబడుచు రెండు వచనములు చదివెను. నేను ఆమెకు ఒక్క అక్షరమైనను ప్రత్యేకముగా నేర్పలేదు.

బడులు తెరచిరి. రైళ్ళు నడచుచున్నవి. మా ప్లాట్‌ఫారము మరల జనసమ్మర్దముతో నిండినది. అయినను ఆ చాప మా యింట నేటికిని పరచబడుచున్నది. నేడు కొందరు తలిదండ్రులు కోరియే తమ బిడ్డలకు ఇంటియొద్ద చదువు చెప్పుచున్నారు. ఎక్కువమంది బడికి పంపుచున్నారు. ఎవరైనను సరే, రేపు ఉదయమున పుస్తకము తెరువకమునుపు, బిడ్డను పేరుపెట్టి పిలిచి, ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడి. ఆ దినమున మీకు కష్టమైనదేదో మీరు ముందు చెప్పుడి. దేవుడు ఆ చాప చుట్టు ఆనాటి మన్నాను కురిపించును.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మా బిడ్డల తప్పులను నీకు చెప్పుటలో మేము శీఘ్రపడితిమి, మా తప్పులను ఒప్పుకొనుటలో ఆలస్యము చేసితిమి. మమ్మును క్షమించుము. ప్రతి ఉదయమున పెద్దలును పిన్నలును ఒక్కటిగా నీ యెదుట కూర్చుండి, ఆ దినమునకు చాలిన కృపను పొందునట్లు మా యిండ్లను దీవించుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.