ఏకలవ్యుడి కథలో కుక్క

ఏకలవ్యుడి కథ అనగానే అందరికీ బొటనవేలు గుర్తొస్తుంది. కుక్క గుర్తురాదు. ఆదివాసీ సభల్లో మేం ఏకలవ్యుడి గురించి ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం, ద్రోణుణ్ణి ఎన్నోసార్లు నిలదీశాం. కానీ ఆ కథను కదిలించింది ఒక కుక్క. పాండవులు వేటకు వచ్చారు. వాళ్ల వెంట వచ్చిన కుక్క అడవిలో తిరుగుతూ తిరుగుతూ ఏకలవ్యుడి దాకా పోయింది. నల్లని ఒళ్లు, ఒంటినిండా దుమ్ము, జింకతోలు, జడలు కట్టిన జుట్టు చూసి మొరిగింది. అతను ఏడు బాణాలతో దాని నోరు మూశాడు. ఆ నోటితోనే అది పాండవుల దగ్గరికి తిరిగిపోయింది. వాళ్లు ఆ విలువిద్యకు ఆశ్చర్యపోయి, బాణాలు వేసినవాణ్ణి వెతుక్కుంటూ వచ్చారు. తర్వాత జరిగింది తెలిసిందే. ఆ బాణాలు ఎవరు తీశారో, కుక్క ఏమైందో కథలో లేదు.

మేం నల్లమల చెంచులం. కుక్క లేని పెంట మా అడవిలో కనిపించదు. (పెంట అంటే మాకు ఊరు. బయటివాళ్లు ఆ మాట విని నవ్వుకుంటారు, నవ్వుకోనివ్వండి.) రాత్రి ఎలుగు వచ్చినా, చిరుత మేకల దొడ్డి చుట్టూ తిరిగినా ముందు తెలిసేది కుక్కకే. తేనెకు పోయినా జిగురుకు పోయినా మాకంటే నాలుగడుగులు ముందుండేది అదే. కాబట్టి దానికి ఎలా నేర్పాలన్నది మాకు పొద్దుపోని కబురు కాదు. ఆ కథను పట్టుకుని రెండు ప్రశ్నలు అడగదలిచాం. ఆ కుక్క మాలాంటి మనిషిని చూసి ఎందుకు మొరిగింది? దాని నోరు మూయించిన పద్ధతి సరైనదేనా? రెండోది అడగడం మాకు కష్టం. ఏకలవ్యుడు మావాడు.

మొదటిదాని సంగతి. మొరగడం కుక్కకు పుట్టుకతో వస్తుంది. ఎవర్ని చూసి మొరగాలన్నది పుట్టుకతో రాదు. కుక్కపిల్ల రెండు వారాలకు కళ్లు తెరుస్తుంది. సుమారు మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా అది లోకాన్ని నేర్చుకుంటుంది. ఆ రోజుల్లో భయం లేకుండా దేన్ని చూస్తే అది తనవాళ్లలో కలుస్తుంది. చూడనిది ఆ తర్వాత ఎదురైతే శత్రువులా కనిపిస్తుంది. జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కుక్కపిల్లలను పెంచి, చూసి, 1965లో అచ్చయిన పుస్తకంలో ఈ సంగతి వివరంగా రాశారు. మా పెంటల్లో దీనికోసం ఎవరూ ప్రత్యేకంగా ఏమీ చేయరు. పిల్లలు కుక్కపిల్లను చంకనేసుకుని గుడిసె గుడిసె తిరుగుతారు. అది మేకపిల్లతో పడుకుంటుంది, కోడితో పొడిపించుకుంటుంది, ముసలివాళ్ల చేతికర్ర వాసన చూస్తుంది. మూడు నెలలు తిరిగేసరికి దానికి పెంటంతా ఇల్లే.

పట్నంలో గేటు వెనక పెరిగే పిల్లకు ఇది దొరకదు. అది చూసేది ఇంట్లోవాళ్లను, అలాంటి బట్టలే కట్టుకున్న చుట్టపక్కాలను. ఒకరోజు తేనె డబ్బా భుజాన పెట్టుకుని మావాళ్లు ఆ వీధిలోకి వస్తారు. కుక్క గేటు మీదికి ఎగబడుతుంది. ఇంటాయన బయటికి వచ్చి దాని మెడ నిమిరి, "మా కుక్క మనుషుల్ని భలే పసిగడుతుంది" అంటాడు. ఈ మాట మావాళ్లలో చాలామంది విన్నదే. కుక్క పసిగట్టింది మా గుణాన్ని కాదు. తాను ఎన్నడూ చూడని ఆకారాన్ని చూసింది, ఆయన గొంతులో మారిన స్వరాన్ని విన్నది. పైగా మొరగగానే మెడ నిమిరారు. రేపు ఇంకాస్త గట్టిగా మొరుగుతుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. కొట్టకుండా, తిట్టకుండా, చేసిన పనికి మెప్పు ఇచ్చి నేర్పే పద్ధతిని ఇప్పుడు పాజిటివ్ ట్రైనింగ్ అంటున్నారు. దానివల్ల కుక్క బాగుపడుతుందని అందరూ చెప్తారు, నిజమే. కానీ గేటు దగ్గర ఆ ఇంటాయన చేసిందీ ఆ పద్ధతే. బీదవాణ్ణి చూసి మొరిగితే మెప్పు దొరుకుతుందని ఎంతో మెత్తగా, ఒక్క దెబ్బ వేయకుండా నేర్పాడు. పద్ధతి మెత్తనైనంత మాత్రాన నేర్పినది మంచిదైపోదు. పాండవుల కుక్కకు ఎవరు ఏం నేర్పారో మాకు తెలియదు. కానీ అది పెరిగిన చోట నల్లని ఒంటికి జింకతోలు చుట్టుకున్న మనిషి చంకనెక్కి ఉండదని మాత్రం చెప్పగలం.

రెండో ప్రశ్న. ఏడు బాణాలతో నోరు మూతపడింది. దెబ్బ తగలకుండా కొట్టాడని కథ చెప్పేవాళ్లు అతని నేర్పును పొగుడుతారు. నేర్పు నిజమే. కానీ కుక్క వైపు నుంచి చూడండి. అది భయపడి మొరిగింది. ఇప్పుడు నోరు తెరవలేదు, భయం మాత్రం రెట్టింపయింది. మరోసారి అలాంటి మనిషి కనిపిస్తే ఆ కుక్క ఏం చేస్తుంది? తోక ముడిచి పారిపోతుంది, లేదా మొరగకుండా వచ్చి కరుస్తుంది.

గుర్రుమనే కుక్కను కొట్టేవాళ్లకు చెప్పాల్సింది ఇదే. గుర్రుమనడం అది మనకు ముందుగా చేసే హెచ్చరిక. దానికంటే ముందు ఇంకా మెల్లని మాటలు ఉంటాయి. మొహం పక్కకు తిప్పుకుంటుంది. నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది. ఎదురుగా తిండి లేకపోయినా మూతి నాక్కుంటుంది. ఒళ్లు బిగుసుకుంటుంది, కంటి తెల్లగుడ్డు కనిపిస్తుంది. ఇవన్నీ "నాకు ఇబ్బందిగా ఉంది, కొంచెం జరుగు" అనడమే. వీటిని చూడనివాడికి గుర్రు వినిపిస్తుంది. గుర్రుమన్నందుకు కొట్టామా, ఆ మాట కూడా మానేస్తుంది. ఆ తర్వాత మిగిలేది పళ్లే. అప్పుడు "చెప్పాపెట్టకుండా కరిచింది" అంటారు. (కరిస్తే మాత్రం పసుపు, సున్నం పెట్టి కూర్చోవద్దు. సబ్బుతో పదిహేను నిమిషాలు నీళ్ల ధార కింద కడిగి, అదే రోజు ఆసుపత్రికి పోయి రేబిస్ టీకా మొదలుపెట్టించాలి.)

కర్రతో నేర్పేవాళ్లు మా పెంటల్లోనూ ఉన్నారు. అలాంటి ఒక కుర్రాడితో ఒక అవ్వ అన్న మాట ఇది: "కొట్టమాకురా నాయనా. అది నీ దగ్గరికి రాకుండా పోతే, రాత్రి ఎలుగొస్తే నిన్నెవరు లేపుతారు?" శాస్త్రం చదివినవాళ్లు చెప్పేదీ దాదాపు ఇదే. దెబ్బ తిన్న కుక్క తాను చేసిన తప్పును గుర్తుపెట్టుకోదు, కొట్టిన చేతిని గుర్తుపెట్టుకుంటుంది.

మరి కుక్కకు యజమాని అంటే లొంగుబాటు ఉండాలి, లేకపోతే నెత్తికెక్కుతుందన్న మాట ఎక్కడినుంచి వచ్చింది? దాని వెనక ఒక తోడేళ్ల కథ ఉంది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన స్విట్జర్లాండ్‌లో ఒక జంతుప్రదర్శనశాలలోని తోడేళ్లను చూసి రాశాడు. అవి ఎప్పుడూ కొట్లాడుకుంటాయని, గెలిచింది నాయకుడవుతుందని, మిగతావి దానికి అణిగి ఉంటాయని అన్నాడు. అమెరికాలో డేవిడ్ మెక్ 1970లో తోడేళ్ల మీద రాసిన పెద్ద పుస్తకంలోకి కూడా ఆ మాట ఎక్కింది. అక్కడినుంచి కుక్కల శిక్షకులు అందుకున్నారు: నువ్వే నాయకుడివని చూపించు, దాన్ని వెల్లకిలా పడేసి అదుము. తర్వాత మెక్ 1986 నుంచి ఏటా ఎండాకాలంలో కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ దీవికి పోయి, అడవి తోడేళ్ల దగ్గరే మకాం వేసి చూశాడు. అక్కడ కనిపించింది నాయకుడూ బానిసలూ కాదు. అమ్మా నాన్నా పిల్లలూ. 1999లో ఆ సంగతి రాశాడు. తన పాత పుస్తకాన్ని ఇక అచ్చు వేయొద్దని ప్రచురణకర్తలను తనే అడిగాడు.

ఈ కథ చదివినప్పుడు మాకు నవ్వు కూడా వచ్చింది. ఒకదానికొకటి ఏమీ కాని జీవాలను తెచ్చి ఒక గోడలో మూసి, అవి కొట్లాడుకుంటుంటే చూసి, వాటి అడవి బతుకు ఇదేనని రాయడం! మా గురించి రాసినవాళ్లలోనూ పెంటలో ఒక్క రాత్రి పడుకోకుండా, రోడ్డు పక్కకు తెచ్చి కూర్చోబెట్టిన మమ్మల్ని చూసి రాసినవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఎవరైనా తమ పుస్తకాన్ని ఆపమన్నారేమో మేం వినలేదు.

ఇక నేర్పడం ఎలా అంటే, పెద్ద విద్యేమీ కాదు. కుక్కపిల్ల తనంతట తను మీవైపు చూసిన క్షణంలో పేరు పెట్టి పిలవండి, గోరంత సంగటి ముక్క పెట్టండి. ఆలస్యం చేయకూడదు. కూర్చున్నందుకు ఇద్దామని మూట విప్పేలోపు అది లేచి మీద పడిందనుకోండి, అప్పుడు పెడితే మీద పడినందుకు పెట్టినట్టే. మీద పడితే తిట్టొద్దు, తోయొద్దు, అది కూడా దానికి ఆటే. అటు తిరిగి నిలబడండి, నాలుగు కాళ్లూ నేలకు ఆనగానే మాట్లాడండి. పాలపళ్లతో చేయి కొరికితే ఆట అక్కడికి ఆపేయండి. ఒకేసారి గంటసేపు కాకుండా, రోజుకు నాలుగైదుసార్లు రెండేసి నిమిషాలు చాలు. పట్నంలో టిక్కుమనే చిన్న పరికరం కొంటారట. మేకలు కాసేవాడి నాలుక చప్పుడు దానికి తీసిపోదు.

ఈ పద్ధతిని లోకానికి ఎక్కువగా తెలిపినవాళ్లలో కేరెన్ ప్రయర్ ఒకరు. 1984లో ఆమె పుస్తకం వచ్చింది. అంతకుముందు 1960లలో ఆమె హవాయిలో డాల్ఫిన్లకు నేర్పింది. డాల్ఫిన్‌ను కర్రతో కొట్టలేం, ముక్కుతాడు వేయలేం. కోపం వస్తే ఈదుకుంటూ అవతలికి పోతుంది. ఈల, చేప, ఓపిక, అంతే దారి. శిష్యుడు వెళ్లిపోగలిగినప్పుడే గురువుకు ఓపిక వచ్చిందన్నమాట. అయితే ఆ డాల్ఫిన్ తొట్టి దాటి పోలేదు, చేపా మనిషి చేతిలోనే ఉంది. మాకు కొరుకుడుపడని చోటు ఇదే. తిండి చేతిలో పెట్టుకుని "చెప్పినట్టు చెయ్" అనడం కూడా పెత్తనమే కదా? ఆకలితో మాట వినడమంటే ఏమిటో మాకు ఎవరూ నేర్పక్కరలేదు. బియ్యం కోసం సంతకం పెట్టిన వేలిముద్రలు మా పెద్దలవి. కాగితంలో ఏముందో వాళ్లకు చదివి చెప్పినవాళ్లు తక్కువ.

మేం చాలాసేపు మాట్లాడుకుని ఒక గీత గీసుకున్నాం. పూట బువ్వ వేరు, మెప్పు ముద్ద వేరు. పూట బువ్వ మన దగ్గర ఉంటున్నందుకు కుక్కకు రావాల్సిన హక్కు. మాట విన్నా వినకపోయినా పెట్టాలి. నేర్పడానికి ఇచ్చేది దానికి పైన. ఆకలితో మాడ్చితే తొందరగా నేర్చుకుంటుందని చెప్పే శిక్షకులు ఉన్నారు. అది కర్ర కంటే మంచిదని మేం ఒప్పుకోం. కర్ర దెబ్బకు కనీసం చప్పుడైనా ఉంటుంది. ఈ గీత అన్ని చిక్కులనూ తీర్చదని మాకూ తెలుసు. పిలిస్తే రాకూడదనుకునే హక్కు కుక్కకు ఎంతవరకు ఉంది? ఆటలో ఉన్నప్పుడు రాకపోతే పోనీ అనుకోవచ్చు. పాము దగ్గర ఉన్నప్పుడు అనుకోలేం.

కుక్క గురించి రాస్తూ బడి మాట తెస్తే కొందరికి కోపం రావచ్చు. మమ్మల్ని జంతువులతో పోల్చినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి, ఆ పోలిక మేమే చేయడం లేదని ముందే చెప్తున్నాం. చట్టాల తేదీలు మాత్రం చూడండి. జంతువును కొట్టి అనవసరంగా బాధపెట్టడం నేరమని 1960లో చట్టం వచ్చింది. బడిలో పిల్లల్ని కొట్టకూడదని దేశమంతటికీ చెప్పిన విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, అందులో 17వ సెక్షన్. మధ్యలో నలభై తొమ్మిదేళ్లు. ఆ నలభై తొమ్మిదేళ్లలో బడి నుంచి అడవిదారి పట్టి ఇంటికి పారిపోయి వచ్చిన చెంచు పిల్లలను "వీళ్లకు చదువు ఎక్కదు" అన్నారు. పిల్ల వెళ్లిపోయినప్పుడు నేర్పే పద్ధతిని మార్చుకోవాలని డాల్ఫిన్ దగ్గర తోచిన బుద్ధి, మా పిల్లల దగ్గర తోచలేదు.

మళ్లీ అడవిలోకి వద్దాం. 1972 చట్టం తర్వాత వేట లేదు. మా కుక్కలకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. పులుల అభయారణ్యంలో దుప్పి కనిపిస్తే కుక్క ఉరుకుతుంది. అది దుప్పిని పట్టిందంటే కేసు కుక్క మీద పడదు, మా మీద పడుతుంది. అడవి జీవాలకు కుక్కల నుంచి జబ్బులు అంటుకుంటాయన్న మాటా అబద్ధం కాదు. అందుకే టీకాలు వేయించాలి. దీనికి ఒక దారి గొలుసు. పగలంతా గుంజకు కట్టేసిన కుక్క, రాత్రి గాలి కదిలినా మొరుగుతుంది. అప్పుడు నిజంగా ఎలుగు వచ్చినా ఎవరూ లేవరు. రెండో దారి పిలుపు.

పిలుపు నేర్పాలంటే నెలలు పడుతుంది. ముందు గుడిసె ముందర, తర్వాత మేకల మధ్య, తర్వాత వాగు గట్టున, ఆ తర్వాతే అడవిలో. పిలిచి వచ్చాక ఎన్నడూ తిట్టకూడదు, ఎంత ఆలస్యంగా వచ్చినా సరే. పిలిచిన ప్రతిసారీ కట్టేయడానికే పిలిస్తే నాలుగోసారి రాదు. ఆ అవ్వ కుక్క ఈ ఎండాకాలం దుప్పి వెంట పడి, సగం దూరం పోయి, ఆమె గొంతు విని ఆగింది. ఒకసారి దుప్పి వైపు చూసింది, ఒకసారి అవ్వ వైపు చూసింది. మెల్లగా వెనక్కి వచ్చింది. అవ్వ మూట విప్పి, తనకోసం తెచ్చుకున్న సంగటి మొత్తం దాని ముందు పెట్టింది. "అంత పెద్ద దుప్పిని వదిలేసి వచ్చింది, గోరంత ముక్క పెడితే ఏం బాగుంటుంది?" అంది.