అర్థము తెలియని మాట

తెలియని మాట యెదురుపడినపుడు ఊహించి యర్థము చెప్పుటయే పాండిత్యమని కొందఱు తలంతురు. అది మన భాషలోని మాట కాదని మఱికొందఱు త్రోసివేయుదురు. ఈ రెండు పద్ధతులును దోషములే యని మా యభిప్రాయము. కావ్యమున నొక పదమున కర్థము తప్పినచో రసభంగము మాత్రమే. దస్తావేజులో తప్పినచో సంసారమే చెడవచ్చును.

ఒక్క యుదాహరణము చూపెదము. "రాజీనామా" యను మాటను నేఁడు మనము ఉద్యోగమును వదలుకొనుట యను నర్థమున వాడుచున్నాము. "రాజీ" యరబ్బీ, "నామా" పారసీ, సమ్మతిపత్రమని శబ్దార్థము. పూర్వపు న్యాయస్థానపు కాగితములలో నది వాదిప్రతివాదులు సమాధానపడి వ్రాసికొన్న పత్రము. రెవెన్యూ కాగితములలో రైతు తన భూమిని విడుచుకొనుచు వ్రాసి యిచ్చిన పత్రము. తాతగారినాఁటి రాజీనామా యొకటి పెట్టెలో దొరకినదనుకొందము. ఆయన తగవు తీర్చుకొనెనా? భూమిని విడిచెనా? కొలువు మానెనా? ఊహించి చెప్పు పెద్దమనిషికి నష్టము లేదు. ఆ మాట నమ్మిన యిల్లాలికే నష్టము.

కావ్యపదములకు బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము (1885) పెన్నిధి. కచేరీమాటలను మాత్రము వేఱుచోట వెదకవలయును. కడప, రాజమహేంద్రవరము మొదలగు చోట్ల కొలువు చేసిన సి. పి. బ్రౌను దొర, తెలుఁగున వాడుకలోనున్న యన్యదేశ్యములకై మిశ్రభాషానిఘంటువును 1854లో ప్రకటించెను. మఱుసటి యేఁట హెచ్. హెచ్. విల్సను పండితుని న్యాయ, రెవెన్యూ పదకోశము వెలువడెను. హిందూదేశపు పలుభాషల మాటలతోపాటు తెలుఁగుమాటలును అందుఁ గలవు. ఇట్టి ప్రాఁతకోశములు పెక్కు ఇప్పు డంతర్జాలమున నింటనుండియే చూడవచ్చును.

అన్యభాషాపదములను కోశమున కెక్కించినచో భాష చెడునని శంకింతురేమో. కోశము నుండి వెలివేసినంతమాత్రమున నా మాట కాగితమునుండి తొలఁగదు. దానితో బ్రతుకవలసినవాఁడు మాత్రము చీఁకటిలో మిగులును. మాట నెక్కించుట దానిని మెచ్చుకొనుట కాదు, చదువరికి దారి చూపుట.

కావున చదువరులకు మా విన్నప మిది. కాగితము పుట్టిన కాలపు కోశమును చూడుఁడు. నేఁటి యర్థమును నాఁటి పత్రమున కంటఁగట్టకుఁడు. ఒక కోశముతో తృప్తిపడక రెండవదానితో సరిచూడుఁడు. అప్పటికిని తేలనిచో "తెలియదు" అని చెప్పుఁడు. మన మాట నమ్మి చేవ్రాలు చేయఁబోవువానికి మన పాండిత్యముకంటె నా యొక్క మాటయే మేలు చేయును.