కుండలో దాచిన క్రయపత్రము

చదువవలసిన వాక్యభాగములు: యిర్మీయా 32:6-15, ఎజ్రా 2:59-63, అపొస్తలుల కార్యములు 22:24-29



యెరూషలేము ముట్టడిలో ఉన్న దినములలో యిర్మీయా ప్రవక్త చేసిన యొక చిన్న పనిని మనము తరచుగా దాటి చదివిపోవుదుము. బబులోను సైన్యము పట్టణపు గోడలచుట్టు దిగియున్నది. ప్రవక్త చెరసాల ఆవరణములో ఉంచబడియున్నాడు. అట్టి సమయమున పినతండ్రి కుమారుడైన హనమేలు వచ్చి, అనాతోతులోని తన పొలము కొనుమని అడిగెను. శత్రువు త్రొక్కుచున్న పొలమును ఎవడు కొనును? యిర్మీయా కొనెను. పదియేడు తులముల వెండి తూచి యిచ్చెను. అంతటితో సరిపెట్టుకొనలేదు. పత్రము వ్రాసి ముద్రవేసెను, సాక్షులచేత చేవ్రాలు చేయించెను, ముద్రగల ప్రతి యొకటియు ముద్రలేని ప్రతి యొకటియు బారూకు చేతికిచ్చి, అవి బహుదినములు చెడక యుండునట్లు మట్టికుండలో దాచుమనెను.

దైవజనుడు కాగితమును తృణీకరింపలేదు. విశ్వాసికి కాగితములతో పనియేమని కొందరు భక్తిగా పలుకుచుందురు. అట్లు పలుకువారి యిండ్లలోను పట్టాదారు పాసుపుస్తకము మాత్రము ట్రంకుపెట్టె అడుగున భద్రముగానే యుండును.

ఈ నెల మనము పౌరత్వమునుగూర్చి తలంచుదము. ఓడలరేవు వారికి ఇది దూరపు సంగతి కాదు. ఊరి పేరులోనే ఓడలున్నవి. వైనతేయ సముద్రములో కలియు చోట నివసించువారికి నీటికి అవతల బ్రతుకు వెదకుకొనుట క్రొత్త కాదు. నేడు కువైటు, మస్కటు, దుబాయి అనుచున్నాము. మన ముత్తాతల దినములలో కోస్తా అంతటను వినబడిన మాట ఒక్కటే: రంగము.

రంగమనగా బర్మా దేశపు రంగూను పట్టణము. మేస్త్రీ యొద్ద ముందుగా కొంత సొమ్ము పుచ్చుకొని, కాకినాడ, విశాఖపట్నము, భీమునిపట్నము, కళింగపట్నము రేవులలో పొగయోడ ఎక్కి, డెక్కుమీదనే పండుకొని మనవారు వెళ్లిరి. బియ్యపు మిల్లులలోను, రేవులో మూటలు మోయుటలోను, రిక్షాలు లాగుటలోను వారి చెమట కారినది. గౌతమి ముఖమునకు దగ్గరనున్న పాత కోరంగి రేవు పేరునుబట్టి బర్మావారు తెలుగువానిని కోరంగివాడని పిలిచిరి. 1931 నాటి జనాభా లెక్కలలో బర్మాలోని తెలుగువారు లక్షకు పైగా ఉండిరి. అక్కడ తెలుగున ఆరాధించు క్రైస్తవులును ఉండిరి.

ఆ వెళ్లినవారిని ఎవరును పాసుపోర్టు అడుగలేదు. ఏలయనగా 1937 ఏప్రిల్ 1 వరకు బర్మా కూడ ఇండియాలో ఒక రాష్ట్రమే. అమలాపురమునుండి మద్రాసు పోవువాడు ఏ కాగితముతో పోవునో, రంగము పోవువాడు అదే కాగితముతో పోయెను, అనగా ఏ కాగితమును లేకయే. తాను పరదేశమున ఉన్నానని అతనికి తెలియదు. గీత తరువాత గీయబడినది. మనిషి దానికి అవతల ఉండిపోయెను.

1948 జనవరి 4న బర్మా స్వతంత్రమాయెను. క్రొత్త రాజ్యాంగము పరదేశులకు ఒక ద్వారము తెరచినది. బ్రిటిషు రాజ్యములో పుట్టినవాడై, 1942 జనవరి 1కి గాని ఆ స్వాతంత్ర్య దినమునకు గాని ముందు గడచిన పది సంవత్సరములలో ఎనిమిది సంవత్సరములకు తక్కువకాకుండ బర్మాలో కాపురముండి, ఇకమీదట అక్కడనే యుండ నుద్దేశించినవాడు, తాను బర్మా పౌరత్వమునే కోరుకొనుచున్నానని గడువులోపల తెలియజేసి పౌరుడు కావచ్చును. ఈ ద్వారమున పోలేనివాడు అదే సంవత్సరపు పౌరసత్వ చట్టము క్రింద దరఖాస్తు పెట్టుకొనవచ్చును. దానికి ఐదేండ్ల నివాసము, సత్ప్రవర్తన, ఆ దేశపు భాషలలో ఒకటి మాటలాడగలుగుట కావలెను. మరియొక ప్రక్క మన భారత రాజ్యాంగపు 8వ అధికరణము, విదేశములలోనున్న భారత సంతతివారు అక్కడి భారత ప్రతినిధి యొద్ద పేరు నమోదు చేయించుకొని భారత పౌరులు కావచ్చునని చెప్పినది. ఇట్లు రంగములోని కూలివాని యెదుట రెండు బల్లలు వేయబడినవి. ఏదో యొక బల్లయొద్దకు అతడు పోవలసియుండెను. ఏ బల్లయొద్దకును పోనివాడు ఎవనివాడు?

వేలకొలది మంది పోలేదు. వారిని సోమరులని తీర్పు తీర్చుటకు మనము తొందరపడకూడదు. ఎనిమిదేండ్ల నివాసము చూపుమన్నారు. కోతల కాలమునకు వచ్చి, మిల్లు పని ముగియగానే ఇంటికి మరలి, పెండ్లికి ఒకసారి, తల్లి చావునకు ఒకసారి సముద్రము దాటినవాడు ఎనిమిదేండ్లను ఎట్లు లెక్కకట్టును? మేస్త్రీ పుస్తకములో అతని పేరు సగమే యుండును. రంగముమీద 1941 డిసెంబరులో బాంబులు పడినప్పుడు, లక్షలాదిమంది అడవులగుండ అస్సాము దిక్కునకు నడచిపోయినప్పుడు, గుడిసెతోకూడ ఉన్న చీటీలును పోయినవి. దరఖాస్తు చదువుటకు అక్షరము రాదు. చదివి పెట్టువాడు డబ్బు అడుగును. అన్నిటికంటె బరువైనది మరియొకటి. ఆలుబిడ్డలు ఇక్కడ, కూలి అక్కడ. నేను ఇకమీదట అక్కడనే యుందునని వ్రాసి వ్రేలిముద్ర వేయుటకు ఏ మగవానికి చేయి వచ్చును? రెండేండ్లలో ఇంటికి పోదునని ఇరువదియేండ్లు అనుకొనుచుండుట వలసపోయినవారి వాడుక. కువైటులో నున్న మనవారిని అడిగి చూడుడి.

దరఖాస్తు పెట్టినవారిలోను అనేకులకు జవాబు రాక సంవత్సరములు గడచెను. పౌరులు కానివారు విదేశీయుల కార్డు పుచ్చుకొని ఏటేట రుసుము చెల్లించి దానిని క్రొత్తది చేయించుకొనవలసివచ్చెను. 1962 మార్చి 2న సేనాని నే విన్ ప్రభుత్వమును చేతికి తీసికొనెను. 1963లో బాంకులు, 1964లో దుకాణములు ప్రభుత్వపు వశమాయెను. అదే 1964 మేనెలలో 50, 100 చాట్ల నోట్లు చెల్లవని ప్రకటించిరి. తరువాత ఇండియావారు లక్షలలో ఓడలెక్కి వచ్చిరి. విశాఖపట్నపు కంచరపాలెములో బర్మా క్యాంపు అను పేట నేటికిని ఆ పేరు మోయుచున్నది. అక్కడ కోరంగివాడు, ఇక్కడ బర్మావాడు! ఒక్క మనిషి రెండు ఊళ్లలోను పొరుగూరివాడైపోయెను.

అక్కడనే మిగిలినవారి సంగతి వినుడి. 1982 అక్టోబరులో బర్మాలో క్రొత్త పౌరసత్వ చట్టము వచ్చినది. అది జనులను మూడు తరగతులుగా విభజించినది. పూర్ణ పౌరునికి గులాబిరంగు కార్డు. 1948 చట్టము క్రింద దరఖాస్తు పెట్టి, ఇంకను తీర్పు కాక నిలిచియున్నవాడు సహపౌరుడు. అతనికి నీలిరంగు కార్డు. స్వాతంత్ర్యమునకు ముందే వచ్చి కాపురమున్నను ఎన్నడును దరఖాస్తు పెట్టనివాడును అతని బిడ్డలును తిరుగులేని రుజువులు చూపినయెడల ఆకుపచ్చ కార్డు. తాత 1948లో పెట్టిన లేక పెట్టని యొక దరఖాస్తు, ముప్పదినాలుగేండ్ల తరువాత మనుమని చేతిలోని కార్డు రంగును నిర్ణయించెను. కాగితము చిన్నదే, అయితే దాని నీడ ఎంత పొడుగు!

ఇవి కడచిన కాలపు కష్టములని యెంచవద్దు. బర్మాకు ఆనుకొనియున్న తాయిలాండు నేడు ఏమి అడుగుచున్నదో చూడుడి. ఆ దేశపు 1965 నాటి జాతీయత చట్టము ప్రకారము పౌరుడు కాగోరు పరదేశి యుక్తవయస్కుడై, మంచి నడతయు నిలకడయైన వృత్తియు కలిగి, ఎడతెగక ఐదేండ్లు అక్కడ కాపురముండి, తాయి భాష ఎరిగియుండవలెను. సాధారణముగా ముందు శాశ్వత నివాసపు అనుమతి సంపాదింపవలెను; అది ఒక్కొక్క దేశమువారికి ఏటికి 100 మందికి మించి ఇయ్యరు. పోలీసు విచారణ, రుజువులు, అధికారుల యెదుట ప్రశ్నలు, ఆ దేశపు జాతీయగీతమును రాజగీతమును నోట పాడి వినిపించుట, చివరకు రాజపత్రములో ప్రకటన, ప్రమాణము. వీటన్నిటికి సంవత్సరములు పట్టును. ఇంత చేసి ఆ పౌరత్వము పొందిన నాడే, మన 1955 నాటి పౌరసత్వ చట్టపు 9వ సెక్షను చేత భారత పౌరత్వము పోవును. ఒకటి పట్టవలెనన్న ఒకటి విడువవలెను. ముసలితనమున ఊరికి వచ్చి నా యింట నేను చనిపోవుదునని తలంచువాడు ఈ సంగతి ముందుగా ఎరిగియుండుట మేలు.

ఇప్పుడు పౌలు సంగతికి వత్తము. కొరడాలతో కొట్టుటకు వారులతో కట్టుచుండగా, తాను రోమీయుడనని ఆయన శతాధిపతికి తెలియజేసెను. సహస్రాధిపతి పరుగున వచ్చి విచారించి, తాను గొప్ప ధనమిచ్చి కొనుక్కొన్న హక్కు ఇతనికి పుట్టుకతోనే వచ్చినదని విని భయపడెను. ఔగుస్తు కాలమునుండి రోమా పౌరుల బిడ్డల పుట్టుకను ముప్పది దినములలో నమోదు చేయించు పద్ధతి యుండెను. చెక్కపలకల మీద దాని నకలు తీసికొనుచుండిరి. తాను రోమీయుడనని అబద్ధమాడినవానికి క్లౌదియ చక్రవర్తి మరణశిక్ష విధించుచుండెను. పౌలు ఊరక నోటిమాట పలుకలేదు. నిలువగల సత్యమునే పలికెను.

ఈ భాగము మనకు నొప్పి కలిగించునది, అయినను చెప్పవలెను. ఇంటిపనికి గల్ఫు దేశములకు పోవు స్త్రీకి 30 యేండ్లు నిండియుండవలెనని మన ప్రభుత్వపు నియమము. ఇరువదినాలుగేండ్ల పిల్లకు ముప్పదియొకటియని వ్రాయించి పంపు ఏజెంట్లున్నారు. ఊరుకొను తల్లిదండ్రులును ఉన్నారు. ఇంటిలో ఒక పేరు, బడిలో ఒక పేరు, బాప్తిస్మమప్పుడు ఒక పేరు, పాసుపోర్టులో మరియొక పేరు. ఆపద వచ్చిన దినమున ఆ పిల్ల రాయబారి కార్యాలయపు గుమ్మమున నిలిచి నేను ఫలానా అని చెప్పినప్పుడు, చేతిలోని కాగితమే ఆమె మాటను కాదనును. ఆ దినమున ఏజెంటు కనబడడు.

గనుక సంఘస్థులారా, ఈ కొన్ని పనులు చేయుడి. బిడ్డ పుట్టిన 21 దినములలోపల పంచాయతీలో గాని ఆసుపత్రిలో గాని వ్రాయించుడి, రుసుము లేదు. 2023 అక్టోబరు 1నుండి పుట్టిన బిడ్డలకు బడిలో చేరుటకును, పాసుపోర్టునకును, ఓటునకును ఆ జనన ధ్రువపత్రమే పుట్టినతేదీకిని పుట్టినచోటునకును రుజువు. కువైటులో పుట్టిన మన బిడ్డకు ఆ దేశపు పౌరత్వము రాదు. 2004 డిసెంబరు 3 మొదలుకొని విదేశమున పుట్టిన బిడ్డకు మన పౌరత్వము నిలువవలెనన్న, ఏడాదిలోపల అక్కడి భారత రాయబారి కార్యాలయమున పేరు వ్రాయించవలెను. ఏడాది దాటినయెడల ఢిల్లీలోని ప్రభుత్వపు అనుమతి కావలెను. రంగములో రెండు బల్లల నడుమ నిలిచిపోయినవారిని తలంచుకొని, ఈ ఏడాదిని పోనియ్యకుడి. బాప్తిస్మపు పేరు ఏదైనను, బడి పుస్తకములోని పేరును ఇతర కాగితములలోని పేరును అక్షరము తేడాలేక యుండనిండి.

యిర్మీయా రెండు ప్రతులు చేసెను. మీరును చేయుడి. ఒకటి మీ యింట, ఒకటి వేరొక ఊరిలోని బంధువు నింట. 1996 నవంబరు 6 నాటి తుపానును చూచినవారికి ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. మట్టికుండ లేకున్నను మూతి బిగించిన డబ్బాయైనను ఉండవలెను. అది చూరునకు కాదు, చేతికందునట్లు ఉండవలెను.

ఇంత చేసినను కాగితము దొరకనివారు కొందరుందురు. బబులోను చెరనుండి మరలినవారిలో దెలాయ్యా, టోబీయా, నెకోదా సంతతివారు తాము ఇశ్రాయేలీయులమని రుజువు చూపలేకపోయిరి. ఎజ్రా పుస్తకము వారిని 652 మందియనియు, నెహెమ్యా పుస్తకము 642 మందియనియు చెప్పుచున్నది. దేవాలయపు లేఖికుల పట్టీలలోనే పదిమంది తేడా యుండగా, మన తాలూకా ఆఫీసు గుమాస్తా మీద మనము మరీ విసుగుకొనకుందము. బర్జిల్లయి సంతతివారును మరికొందరును తమ వంశావళి వెదకిరి గాని దొరకలేదు. అధికారి వారిని యాజకత్వమునకు దూరముగా ఉంచి, యాజకుడు ఊరీము తుమ్మీములతో ఏర్పడువరకు ఆగుమనెను. అయితే వారిని బబులోనుకు తిరిగి పొమ్మనలేదు. రుజువు దొరకనివారని వ్రాసిన ఆ లేఖికుడే వారి వంశముల పేళ్లను, వారి లెక్కను ఆ పట్టీలోనే వ్రాసెను.

మన నడుమను అట్టివారున్నారు. గల్ఫులో కన్న బిడ్డను అవమానమునకు భయపడి ఏ పుస్తకమునను వ్రాయించక, ఎత్తుకొని ఊరికి వచ్చిన తల్లి యున్నది. రొయ్యల చెరువులయొద్ద కాపుండుటకు పొరుగు రాష్ట్రమునుండి వచ్చి, ఇక్కడ రేషను కార్డు లేక, అక్కడ పేరు కొట్టివేయబడినవాడు ఉన్నాడు. తండ్రి యెవరని బావి గట్టున అడుగువారు, తాలూకా ఆఫీసునకు ఆమెతోకూడ ఒక దినము కూలి మానుకొని పోవుదురా? ఆ బిడ్డ పుట్టినదని ఎరిగిన యిద్దరు సాక్షులు, దరఖాస్తు వ్రాయగల యొక ఉపాధ్యాయుడు, బస్సు చార్జీ. మొదటి దినమునకు ఇంతే కావలెను. ఇట్టివారి పేళ్లను సంఘపెద్దలు ఈ నెలలోనే అడిగి తెలిసికొని, సంఘపు రిజిస్టరులో ఒక పుటమీద తేదీతో వ్రాసి, ఎవరు ఎవరికి తోడుగా వెళ్లవలెనో ఆ పేరునకు ఎదురుగా వ్రాయుదురు గాక.