బొగ్గు నుండి పెట్రోలు: ఎవరి స్వావలంబన?

నల్లగొండలో నా తరగతిలో ఒక విద్యార్థి అడిగాడు: "సింగరేణిలో బొగ్గున్నది. చమురుకోసం పరాయి దేశాల గుమ్మం ముందు నిలబడుడెందుకు సార్? బొగ్గునే పెట్రోలు చేసుకోరాదా?" వెనుక బెంచీలోంచి మరొకడు, "అది హిట్లర్ చేసిన పని" అన్నాడు. ఇద్దరూ చెప్పినది నిజమే. కాని ఇద్దరూ సగమే చెప్పారు. మిగతా సగాన్ని విచారించడం ఉపాధ్యాయుడుగా నా బాధ్యత అనుకుంటాను.

బొగ్గును నీటి ఆవిరితోనూ ప్రాణవాయువుతోనూ మండించి హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ తీస్తారు. వాటిని ఇనుము లేక కోబాల్టు ఉత్ప్రేరకం మీదుగా పంపితే ద్రవ ఇంధనం వస్తుంది. 1920 దశకంలో ఫిషర్, ట్రోప్ష్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు కనుగొన్న పద్ధతి ఇది. బొగ్గును అధిక పీడనంలో ద్రవీకరించే మరొక మార్గం చూపిన బెర్గియస్ 1931లో నోబెల్ బహుమతి పొందాడు. తనకు చమురు లేని నాజీ జర్మనీ ఇటువంటి ఇంధనంతో యుద్ధం నడిపింది. ఔష్విట్జ్ పక్కన మోనోవిట్జ్‌లో కృత్రిమ రబ్బరు, ఇంధనాల కర్మాగారం కట్టడానికి ఐ.జి. ఫార్బెన్ కంపెనీ ఖైదీలచేత చచ్చేదాకా పని చేయించింది. తరువాత 1950లో దక్షిణాఫ్రికాలో సాసోల్ వెలిసింది. ప్రపంచం చమురు నిరాకరించిన రోజుల్లో వర్ణవివక్ష ప్రభుత్వానికి అది ఊపిరి పోసింది. 1980 జూన్‌లో విముక్తి పోరాటయోధులు ఆ కర్మాగారాలమీదనే బాంబులు పెట్టారు.

అంతమాత్రాన రసాయన చర్యకు పాపం అంటుతుందా? అంటదు. అయితే, శాస్త్రానికి వర్గంతో నిమిత్తం లేదని చేతులు దులుపుకోగలమా? అదీ కుదరదు. ఈ పద్ధతి ఖరీదైనది. దీన్ని చేపట్టాలంటే ఆ ఖరీదును ఎవరో ఒకరు చెల్లించాలి. ఆ "ఎవరో" అన్న మాటలోనే అసలు నైతిక ప్రశ్న వున్నది.

మన అనుభవం చూడండి. బొగ్గు గనుల పక్కనే, రామగుండంలో, బొగ్గునుండి ఎరువు తీసే ప్రభుత్వ కర్మాగారం 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి 1999లో మూతబడింది. 2021లో అక్కడే మళ్లీ యూరియా తయారీ మొదలైంది. కాని ఈసారి బొగ్గుతో కాదు, గొట్టపు మార్గాన వచ్చే సహజవాయువుతో! మన బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. నినాదాలకు బూడిద తగ్గదు. అయినా 2030 నాటికి ఏటా 10 కోట్ల టన్నుల బొగ్గును వాయువుగా మార్చాలని కేంద్ర ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుని, 2024 జనవరిలో 8,500 కోట్ల రూపాయల ప్రోత్సాహకాలు ఆమోదించింది.

బొగ్గు పెట్రోలుకు నీరు విస్తారంగా కావాలి. వెలువడే కార్బన్‌ను పట్టి ఆపకపోతే, మామూలు పెట్రోలుకంటె దాదాపు రెట్టింపు వాతావరణంలో కలుస్తుంది. వానమీద బతికే మెట్ట రైతుకు ఇది పుస్తకాల లెక్క కాదు. పటిక, సున్నాలతో నీటిలోని ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని ప్రపంచం "నల్లగొండ పద్ధతి" అని పిలుస్తున్నది. పద్ధతికి మా వూరి పేరు వచ్చిన తరువాత కూడా దశాబ్దాలపాటు మా పల్లెల్లో పిల్లల ఎముకలు వంకరపోతూనే వచ్చాయి. విజ్ఞానం పుట్టడం వేరు, అది పేదవాని కడవలోకి చేరడం వేరు.

కనుక బొగ్గునుండి ఎరువో ఇంధనమో చేయడం నేరమని నేననను. చమురు కంపెనీలముందు చేతులు కట్టుకొని నిలబడటం గౌరవమనీ అనను. నీరు ఏ చెరువుది, భూమి ఎవరిది, గనిలో దిగే కాంట్రాక్టు కార్మికునికి దక్కేదేమిటి, పొగ ఎవరి ఊపిరితిత్తులది, లాభం ఎవరిది? ఇవి అడగకుండా పలికే స్వావలంబన యజమాని స్వావలంబన మాత్రమే.

ఆ మొదటి ప్రశ్న వేసిన కుర్రవాడు పాలమూరు వలసకూలీ కొడుకు. గుంపు మేస్త్రీ వెంట పోయి వాళ్ల నాయన ఎక్కడెక్కడో ఆనకట్టలు కట్టాడు. సొంత చేనికి మాత్రం నీరు రాలేదు. ఈ మాటలే మరునాడు తరగతిలో చెప్పాను. అతడు కాసేపు ఆలోచించి, "అయితే లెక్క ముందు మాకు చూపించాలె సార్" అన్నాడు.

నాకు అంతకంటె మంచి నిర్వచనం తోచలేదు. లెక్క ముందుగా ప్రజలకు చూపని స్వావలంబన, పేరు మార్చుకున్న దాస్యమే.