పోటీ, పొరుగు, న్యాయం

రెండేళ్ల క్రితం నేనొక కాగితం మీద సంతకం చేశాను. న్యాయం కోసమే చేస్తున్నానని నమ్మి చేశాను. ఆ సంతకం మంచిదా చెడ్డదా అన్నది ఈనాటికీ నాకు పూర్తిగా తేలలేదు. అందుకే ఈ వ్యాసం.

విషయం చిన్నది. మా ప్రాంతపు కళాశాలల మధ్య ఏటా క్రికెట్ పోటీలు జరుగుతాయి. కళాశాలలను వెనక దగ్గరదనాన్ని బట్టి నాలుగు బృందాలుగా విభజించేవారు. ఒక్కొక్క బృందంలో గెలిచిన జట్టు చివరి దశకు పోయేది. దీనిమీద చాలాకాలంగా ఒక ఆక్షేపణ వుండేది. ఒక బృందంలో రెండు గట్టి జట్లుంటే ఒకటి ఇంటికి పోవలసిందే. మరో బృందంలో బలహీనమైన జట్టు కూడా పైకి పోతుంది. పుట్టిన చోటును బట్టి అర్హత నిర్ణయం కావడం అన్యాయం కాదా? కాబట్టి బృందాలు తీసివేసి, అన్ని జట్లనూ ఒకే పట్టికలో చేర్చి, చివరి దశలో నాలుగుకు బదులు ఎనిమిది జట్లకు చోటివ్వాలన్నారు. మా కళాశాల తరఫున నేను ఒప్పుకున్నాను. పుట్టుకను కాక శక్తిని చూడాలనే వాదాన్ని అభ్యుదయవాది అయినవాడు ఎలా కాదంటాడు?

ఆ ఆక్షేపణలో నిజం లేకపోలేదు. మన రంజీ ట్రోఫీ చరిత్రే అందుకు సాక్ష్యం. 1934-35లో మొదలైన ఈ పోటీ చాలాకాలం మండలాల వారీగా నడిచింది. దక్షిణ మండలంలో మద్రాసు, మైసూరు, హైదరాబాదు వుండేవి. 1953-54లో ఆంధ్ర జట్టు కొత్తగా దిగినప్పుడు సి.కె. నాయుడు తన 58వ యేట దానికి నాయకత్వం వహించాడు. 1970-71కి ముందు ఒక్కొక్క మండలం నుంచి ఒకే ఒక జట్టు పైకి పోయేది. జయసింహ, పటౌడీ, అబ్బాస్ అలీ బేగ్, ఆబిద్ అలీ వంటి వారున్న హైదరాబాదు జట్టు ఆ రోజులలో ఒక్కసారి కూడా రంజీ గెలవలేదు. ఆ జట్టు 1937-38లో గెలిచి, మళ్లీ 1986-87లో గాని గెలవలేదు. దీనికి మండల పద్ధతి ఒక్కటే కారణమనను. బొంబాయి 1958-59 నుంచి 1972-73 దాకా వరసగా 15 సార్లు గెలిచిన కాలమది. కాని ఇరుకు గుమ్మం దగ్గర మంచి జట్లు ఆగిపోయిన మాట వాస్తవం.

అందుకే గుమ్మం క్రమంగా వెడల్పయింది. 1970-71 నుంచి మండలానికి రెండు జట్లు, 1992-93 నుంచి మూడు. 2002-03లో మండలాలే పోయాయి. వాటి స్థానంలో ఎలీట్, ప్లేట్ అనే అంతస్తులు వచ్చాయి. ఫలితాలు లేకపోలేదు. 2010-11లో ప్లేట్ అంతస్తులో మొదలుపెట్టిన రాజస్థాన్ ఆ ఏడే విజేత అయింది. 2017-18లో విదర్భ, 2019-20లో సౌరాష్ట్ర, 2021-22లో మధ్యప్రదేశ్ గెలిచాయి. 2018-19లో ఈశాన్య రాష్ట్రాలు, బీహారు, ఉత్తరాఖండ్, పుదుచ్చేరి మొదలైన తొమ్మిది జట్లు చేరి పోటీ 37 జట్లది అయింది. దీన్ని తప్పుపట్టేవాడు ప్రజల పక్షాన మాట్లాడుతున్నాననలేడు.

అయితే ఇక్కడొక ప్రశ్న ఉదయిస్తుంది. గుమ్మం వెడల్పు చేసేటప్పుడు మనం గోడను కూడా పడగొడుతున్నామా? ఆ గోడ దేనిని మోస్తున్నదో చూశామా?

మండల పద్ధతిలో ఆంధ్ర జట్టుకు గెలుపు భరోసా లేదు. కాని ఏటా పొరుగువారితో ఆట తప్పేది కాదు. బలహీనుడు బలవంతునితో ఏటా తలపడి, ఓడి, నేర్చుకునేవాడు. బలవంతుడు బలహీనుని ఊరికి కూడా రావలసివచ్చేది. అంతస్తుల పద్ధతిలో ఆ నిర్బంధం పోయింది. కింద పడినవాడు కింద పడినవారితోనే ఆడతాడు. రెండుసార్లు రంజీ గెలిచిన హైదరాబాదు 2023-24లో ప్లేట్ అంతస్తులో ఆడి, మేఘాలయను ఓడించి పైకి రావలసివచ్చింది. ఎవరూ ఏ అంతస్తులోనూ శాశ్వతంగా వుండరని చెప్పవచ్చు. నిజమే. కాని ఎక్కే దిగే వీలున్నంత మాత్రాన నిచ్చెన చదునైన నేల అవుతుందా?

ఈ ప్రశ్న మన ఒక్కరిదే కాదు. అమెరికాలో విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్ జట్లు ఎంతోకాలంగా కూటములుగా ఏర్పడి ఆడుతున్నాయి. వాటిలో చాలావరకు పొరుగు విశ్వవిద్యాలయాల కలయికలు. జాతీయ విజేతను తేల్చే చివరి దశలో 2014 నుంచి నాలుగు జట్లకు చోటుండేది. 2024లో దాన్ని 12కు పెంచారు. చిన్నవారికి దారి దొరుకుతుందన్నారు. కొంత దొరికింది కూడా. కాని ఆ మొదటి ఏడు 12 చోట్లలో ఏడు, రెండు పెద్ద కూటములకే పోయాయి. తన కూటమిలోనే విజేత కాని ఒహాయో స్టేట్ జాతీయ విజేత అయింది. అదే 2024లో పసిఫిక్ తీరపు పాత కూటమిలోని 12 విశ్వవిద్యాలయాలలో పది వెళ్లిపోయి రెండే మిగిలాయి. పసిఫిక్ ఒడ్డున వున్న స్టాన్‌ఫోర్డ్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలు అట్లాంటిక్ తీరపు కూటమిలో చేరాయి! దీనికి అసలు కారణం పోటీ విస్తరణ కాదు, టెలివిజన్ హక్కుల డబ్బు. కాని విస్తరణ ఆ డబ్బుకు అడ్డుకట్ట కాలేకపోయిందన్నది గమనించాలి. పెరిగిన చోట్లు మొదట ఎవరి చేతికి అందుతాయి? అప్పటికే చేతులు పొడుగైనవారికి.

దీనినిబట్టి న్యాయం రెండు రకాలని నాకు తోస్తుంది. ఒకటి ఎంపికలో న్యాయం, రెండవది పెంపకంలో న్యాయం. ఎవడు పైకి పోవాలో సరిగా తేల్చడం మొదటిది. పైకి పోనివాడు కూడా ఎదగడానికి చోటు కల్పించడం రెండవది. మొదటిది లెక్కకు వస్తుంది, పట్టికలో కనబడుతుంది. అందుకే మన చర్చలన్నీ దాని చుట్టూ తిరుగుతాయి. రెండవది కనబడదు. పోయినప్పుడు గాని అది వుండేదని తెలియదు.

నాకు తెలిసింది ఒక విద్యార్థి వల్ల. మనుబోలు దగ్గరి పల్లె నుంచి వచ్చే కుర్రవాడు. తల్లిదండ్రులు కూలికి పోతారు. వరి కోసిన మళ్లలో బంతి వేసి నేర్చుకున్నాడు. పాత పద్ధతిలో మా జట్టు గూడూరులోనో నెల్లూరులోనో ఆడేది. ఉదయం ప్యాసింజరులో పోయి, ఆడి, చీకటిపడే వేళకు ఇంటికి వచ్చి, గేదెకు గడ్డి వేసేవాడు. కొత్త పద్ధతిలో ఆటలు దూరపు ఊళ్లలో పడ్డాయి. రెండేసి రోజులు పోవాలి. బస్సు ఖర్చులో సగం కుర్రవాళ్లే పెట్టుకోవాలి. సెలవురోజుల కూలి పోతుంది. రెండు ఆటలు ఆడి మానేశాడు. అతని చోట బస్సు ఖర్చు పెట్టుకోగలవాడు వచ్చాడు. ఆటలో ఇతనికంటె తక్కువవాడు.

"చివరి దశలో ఎనిమిది చోట్లయినాయి గదా, నువ్వు మానేస్తే ఎట్లా?" అని మందలించాను.

"మంచిదే సార్. మరి మన గూడూరు మ్యాచీ యాడికి పోయింది?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. పుట్టిన చోటును చూడకూడదని నేను సంతకం చేశాను. ఆ సంతకం వల్ల అతని పుట్టిన చోటే అతనికి అడ్డమైంది.

మిత్రులొకరు నన్నాక్షేపించారు: "నువ్వు పొరుగును ఆరాధిస్తున్నావు. మన ఊళ్లలో పొరుగంటే ఏమిటో నీకు తెలియదా? ఊరికీ వాడకూ మధ్య గీసిన గీత కూడా పొరుగే." ఈ మాటను నేను తోసిపుచ్చలేను. పొరుగు దానంతట అది న్యాయం కాదు. పాత మండలాలు బలవంతుల పెత్తనాన్ని కాపాడిన మాటా నిజమే. పాతదాన్ని పాతదైనందుకు నేను కోరడం లేదు. పేదవాడి కాలినడకకు, ఒక పూట తీరికకు అందే దూరంలో అతని ఆట వుండాలంటున్నాను. దూరం కూడా ఒక ధరే. ఆ ధరను ఎవరు చెల్లిస్తున్నారని అడగకుండా సమానావకాశం గురించి మాట్లాడటం, ధాన్యం రేటు చెప్పకుండా అందరూ కడుపునిండా తినవచ్చునని ప్రకటించడం వంటిది.

మా మనుబోలు మీదుగా మద్రాసు, విజయవాడల మధ్య పెద్ద బండ్లెన్నో ఆగకుండా పోతుంటాయి. ఎక్స్‌ప్రెస్‌కు నాలుగు పెట్టెలు ఎక్కువ తగిలిస్తే మంచిదే. ఎక్కగలిగినవారు ఎక్కుతారు. కాని అంతమాత్రాన ఆ బండి మా స్టేషనులో ఆగదు. ఆ పెట్టెల కోసం ప్యాసింజరును రద్దుచేస్తే మాకు మిగిలేది బండి పోయిన చప్పుడే.

కాబట్టి ఈ ఏడు నేను మరొక కాగితం రాశాను. చివరి దశలో ఎనిమిది చోట్లు అట్లాగే వుండనిమ్మని, కాని దానికి ముందు దగ్గరి కళాశాలల మధ్య ఆటలు తప్పనిసరి చేయమని, దూరపు ఆటల ఖర్చు కుర్రవాళ్ల మీద కాక ఉమ్మడి నిధి మీద వేయమని కోరాను. దాని మీద ఇంకా ఎవరూ సంతకం చేయలేదు. నేనొక్కణ్ణే చేశాను. ఆ కుర్రవాడి చదువు మరో ఏడాదిలో అయిపోతుంది.

మన అధ్యాపకులు అనేక కమిటీలలో కూర్చుంటారు. విస్తరణ, సంస్కరణ అన్న మాటలు వినబడగానే చేయి లేస్తుంది. లేవవలసిందే. అయితే కలం పట్టేముందు ఒక్క ప్రశ్న వేసుకుందాం: పైన ఎన్ని చోట్లు పెరిగాయని మాత్రమే కాదు, కింద ఏ ఆట ఆగిపోయిందని.