ఖాళీ బ్యాగు ఎత్తి చూడండి

జూన్ వచ్చిందంటే హైదరాబాద్ కోఠిలో, బెజవాడ బీసెంట్ రోడ్డులో బడిపిల్లల తల్లిదండ్రుల సందడే సందడి. ఒకటో తరగతికి వెళ్లే బుజ్జిగాడి కళ్లు పుస్తకాల మీద ఎందుకుంటాయి? బొమ్మలున్న పెద్ద బ్యాగు మీదే ఉంటాయి. "ఇంకో రెండేళ్లు వస్తుందిలే" అని మనమూ అదే కొనేస్తాం.

బ్యాగు బరువు పిల్లల బరువులో పదో వంతు మించకూడదని 2020 నాటి జాతీయ విధానం చెబుతోంది. ఒకటి, రెండు తరగతులకైతే 1.6 నుంచి 2.2 కిలోలు. లీటరు నీళ్లే కిలో తూగుతాయండీ! బడిలో మంచినీళ్లుంటే చిన్న సీసా చాలు. కొట్లోనే ఖాళీ బ్యాగు ఎత్తి చూడండి. పట్టీలు వెడల్పుగా, మెత్తగా ఉండాలి. బ్యాగు నడుం దిగి వేలాడకూడదు.

నన్నడిగితే టిఫిన్ డబ్బా ఇంకా ముఖ్యం. మూత బుజ్జిగాడి చేతే తీయించి చూడండి. మనం బిగించిన మూత రాక, అన్నం అలాగే ఇంటికి తెచ్చే పిల్లలున్నారు. బూట్లు సాయంత్రం కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బుతాయి. పెన్సిళ్లంటారా, డజను కొన్నా ఎక్కడికి పోతాయో ఆ దేవుడికే తెలియాలి. పేరు చీటీలు మాత్రం వాడినే అంటించనివ్వండి, వంకరగా అంటించినా సరే.