మాటున నుండి చూచుట

స్కాట్లాండు దేశమున సరస్సును లాఖ్ అందురు. అచ్చటి లాఖ్ లెవెన్ అను సరస్సునకు ఏటేట సెప్టెంబరు, అక్టోబరు మాసములయందు ఐస్లాండు, గ్రీన్లాండు ప్రాంతములనుండి గులాబివన్నె కాళ్లు గల పెద్దబాతులు వేలకొలదిగా వచ్చును. పగలు కోతయైన పొలములలో మేసి, రాత్రి నీటిపై విశ్రమించును. దక్షిణతీరమున 1967 నుండి పక్షిసంరక్షణ సంఘమువారి రక్షితస్థల మున్నది. అందు మనుష్యులు మఱుగుగదులలో నిశ్శబ్దముగా గూర్చుండి, సన్నని గవాక్షములగుండ వానిని జూతురు.

ఇట్టి చోటునకు మన భాషలో మాటు అని పేరు. ఈ మాట వేటకానిది. ఆ దేశమున నేటికిని శరత్కాలమున ఈ బాతులను వేటాడుట చట్టసమ్మతమే. వేటకాడును మాటుననే యుండును, చలి కోర్చును, ఊపిరి బిగబట్టి యెదురుచూచును. ప్రేక్షకుడును అంతే. పైకి భేద మేమియు గానరాదు. పీటర్ స్కాట్ అను నాంగ్లేయుడు యౌవనమున బాతులవేటయందు మిక్కిలి మక్కువ గలవాడు. ఆయనయే 1946లో స్లింబ్రిడ్జియందు నీటిపక్షుల రక్షణకై యొక సంస్థను స్థాపించెను. వేటలో నలవడిన యోర్పు పోలేదు. దాని ప్రయోజనము మారినది.

మఱుగున నుండి యితరులను గనిపెట్టుట నీచమని మన మెఱుగుదుము. పొరుగింటి కిటికీకడ చెవి యొగ్గువానిని నిందింతుము. మఱి పక్షులయెడ నది యేల తప్పు గాదు? మనుష్యుని ననుమతి యడుగవచ్చును, అడుగవలెను గూడ. పక్షి నడుగలేము. మనము కనబడినంతనే మంద యంతయు లేచిపోవును. సముద్రము దాటివచ్చి బలముడిగిన ప్రాణికి ఆ యెగురుట వ్యర్థశ్రమ, మేతకును భంగము. కావున మనుష్యునియెడ మోసమైన మఱుగు పక్షియెడ మర్యాద యగుచున్నది.

అయినను సదుద్దేశ మొక్కటియే చాలదు. మఱింత దగ్గఱగా జూడగోరి గట్టుపై నిలుచు పక్షిప్రియుడు మందను లేపును. చంపలేదు గదా యని యతడు సమాధానపడవచ్చును. కాని యతని యానందమునకు వెల యిచ్చినది పక్షియే. ప్రేమను బరీక్షింపగోరువాడు ‘నా మనస్సు మంచిదేనా’ యని గాక, ‘నా సంతోషమునకు వెల యెవరు చెల్లించుచున్నారు’ అని ప్రశ్నించుకొనవలెను.

ఈ ప్రశ్న సరస్సుతీరమునకే పరిమితము గాదు. అన్నము పెట్టి, తిన్నవాడు తన్ను గొనియాడువఱకు నెదుట నిలుచు దాత గలడు. చదువు చెప్పించి, కూతు రడుగడుగునను కృతజ్ఞత చూపవలె నను తండ్రి గలడు. వీరు దుష్టులు గారు. కాని చేసిన మేలునకు సుంకము వసూలు చేయుచున్నారు. మనుష్యులయెడ మాటు వేయ నక్కఱలేదు. అడ్డు తొలగిన జాలును.

చీకటిపడగా బాతులు నీటిపై వ్రాలును. తమ్ము జూచినవా రెవరో వానికి దెలియదు. అందువలన చూచినవారి యానందమునకు గలిగిన లోప మేమి?